అనంతపురం చుట్టుపక్కల మార్చి, ఏప్రిల్‌లో పొద్దున్నే పక్షుల నడక: వేళ, వెలుతురు, మంది గురించి

మీరు రాసింది ఇదీ: కాలనీవాళ్లు, బడి పిల్లలు కలిసి 30 మంది పొద్దున 7:30కి చెరువు కట్ట ఎక్కారు. తొమ్మిదిన్నరకల్లా ఎండకు తాళలేక దిగేశారు. తెల్లకొంగలు, కాకులు, దూరంగా నల్లచుక్కల్లా ఏవో బాతులు తప్ప ఏమీ చూడలేదు. ఉగాదికి అటూఇటూగా మళ్లీ ఒకసారి పెట్టాలనుకుంటున్నారు, ఏ చెరువుకు మారితే బాగుంటుందని, ఏ బైనాక్యులర్ తీసుకోవాలని అడిగారు.

చెరువు మార్చనక్కర్లేదండీ. వేళ మార్చండి, నిలబడే వైపు మార్చండి, మందిని తగ్గించండి. ఈ మూడూ సరిపోతే మామూలు ఊరకుంట దగ్గర కూడా ఒక పొద్దున 35, 40 రకాల పక్షులు కనబడతాయి. ఇవి తప్పితే ఎంత పేరున్న చోటుకు పోయినా మీకు జరిగిందే జరుగుతుంది.

ముందు వేళ సంగతి. మన జిల్లాల్లో పొద్దు పొడిచేది ఫిబ్రవరి నడిమికి సుమారు 6:40కి, మార్చి 20 నాటికి 6:20 దాటాక, ఏప్రిల్ నడిమికి 6 గంటల ప్రాంతంలో. పక్షుల గొంతులు విచ్చుకునేది అంతకు అరగంట ముందు, మసక చీకట్లోనే. ఏట్రింత (ఒళ్లంతా నలుపు, తోక చీలి ఉండే పిట్ట) అందరికంటే ముందు మొదలుపెడుతుంది. తర్వాత నెమలి, కౌజు, కోకిల, జెముడుకాకి. అప్పటికి గాలి లేవదు, ఊరి చప్పుడు ఉండదు, కూత చాలా దూరం వినబడుతుంది. పొద్దు పొడిచాక గంటన్నర సేపు మేత, పాట, జత కోసం తగవులాట, అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఎనిమిదిన్నర దాటితే చిన్న పిట్టలు కంపల నీడలోకి జారుకుంటాయి. తొమ్మిదయ్యేసరికి నీళ్ల మీద ఎండ సెగ ఆడటం మొదలవుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన టెలిస్కోపులో చూసినా బాతు వణుకుతూనే కనబడుతుంది. కాబట్టి మార్చిలో అయితే 5:45కి అందరూ చేరాలి, 8:30కి ముగించాలి. ఏప్రిల్లో మరో 20 నిమిషాలు ముందుకు జరపండి. "ఆరున్నరకు కలుద్దాం" అని చెప్తే మనవాళ్లు ఏడుకు వస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఆగేది లేదని ముందే గట్టిగా చెప్పండి.

చేరే చోటు పక్షులుండే చోటు కాకూడదు. బండి తలుపులు, పలకరింపులు, ఫోన్లు, అన్నీ కనీసం 300 మీటర్ల అవతల అయిపోవాలి. అక్కడే మొదటి పది, పదిహేను నిమిషాలు కదలకుండా నిలబెట్టి వినిపించండి. వెలుతురు రాకముందు చేయగలిగిన పని అదొక్కటే, పైగా పిల్లలకు బాగా పట్టుబడేది కూడా అదే. ఒక్కొక్కరినీ ఒక్కో దిక్కుకు చెవి పెట్టమని, ఎన్ని వేర్వేరు గొంతులు విన్నారో వేళ్లు మడిచి లెక్కపెట్టుకోమని చెప్పండి. పేర్లు తర్వాత.

ఇక వెలుతురు. పోయినసారి మీకు బాతులు నల్లచుక్కల్లా కనబడ్డాయంటే మీరు సూర్యుడికి ఎదురుగా నిలబడ్డారని అర్థం. పొద్దున పూట సూర్యుడు వీపున ఉండాలి, అంటే చెరువుకు తూర్పు పక్కన నిలబడి పడమటికి చూడాలి. అదే బాతు, అదే దూరం, కానీ రెక్కమీది ఆకుపచ్చ పట్టీ కూడా తెలుస్తుంది. మీ చెరువు కట్ట పడమటి వైపు ఉంటే కట్టను వదిలేయండి. తూర్పున పొలం గట్టు మీదుగా దారి చూసుకోండి. ఆ పొలం రైతుకు ముందురోజే ఒక మాట చెప్పి, ఏ గట్టు మీద నడవొచ్చో ఆయన్నే అడగండి. ఏ పక్షి ఎక్కడ దిగుతుందో ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. కంపల్లో నడిచేటప్పుడూ ఇదే లెక్క: పోయేటప్పుడు పడమటి ముఖంగా మెల్లగా, వచ్చేటప్పుడు ఎక్కడా ఆగకుండా.

మంది గురించి కచ్చితంగా ఉండండి. దారి చూపేవాళ్లు ఒక్కరుంటే 10 మంది, మరీ అయితే 12. గట్టు మీద నడక ఒకరి వెనక ఒకరుగానే సాగుతుంది. 30 మంది వరసలో చివరివాళ్లు పాతిక మీటర్ల వెనక ఉంటారు. ముందున్నవాళ్లు చూసిన పిట్ట వీళ్లు చేరేలోపు ఎగిరిపోయి ఉంటుంది, వీళ్లు ఆ నిరాశలో మాటల్లో పడతారు, ఆ మాటలకు తర్వాతి పిట్ట ముందువాళ్లకూ దక్కదు. 30 మందినీ మూడు ఆదివారాలకు పంచండి. పిల్లలుంటే ప్రతి ముగ్గురికీ ఒక పెద్ద ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రెండున్నర గంటలు ఎక్కువ, వాళ్లకు గంట చాలు.

దూరం ఎంత నడవాలి అని చాలామంది అడుగుతారు. రెండున్నర గంటల్లో రెండు కిలోమీటర్లు. అంతకు మించితే అది వ్యాయామం అవుతుంది. నడక పేరుకే, అసలు పని ఆగడం. ముందే నాలుగైదు ఆగే చోట్లు గుర్తుపెట్టుకుని ఒక్కో చోట 15, 20 నిమిషాలు నిలబడండి. మనుషులు వచ్చారని చెదిరిన పిట్టలు ఐదారు నిమిషాలకు మళ్లీ పనిలో పడతాయి. అక్కడినుంచే చూడటం మొదలవుతుంది. ఈ ఆగే చోట్ల కోసం రెండు మూడు రోజుల ముందు, అదే వేళకు, మీరొక్కరే పోయి చూసి రావాలి. సాయంత్రం చూసి వచ్చిన దారి పొద్దున పనికిరాదు.

ఎక్కడ ఆగాలి? ఈ కాలంలో రెండు చోట్లు ఎప్పుడూ వమ్ము కావు.

ఒకటి, ఎండిపోతున్న చెరువులో మిగిలిన మడుగు. నిండు చెరువు కంటే మార్చిలో సగం ఎండిన చెరువు మేలు. నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ లోతులేని మడుగుల్లోకి చేరతాయి, వాటికోసం కొంగలు, నీటికాకులు, ఎర్రకాళ్ల కొంగలు, పెలికాన్లు గుంపుగా దిగుతాయి. బయటపడ్డ బురద అంచుల్లో ఉల్లంకి పిట్టలు తిరుగుతాయి. మీకు దగ్గరలో శింగనమల చెరువు, పుట్టపర్తి వైపు వాళ్లకు బుక్కపట్నం చెరువు, కర్నూలు వాళ్లకు గార్గేయపురం చెరువు, కడప వాళ్లకు ఒంటిమిట్ట చెరువు. ఏ ఏడు ఎందులో ఎంత నీళ్లుంటాయో వానను బట్టి, కాలువను బట్టి మారిపోతుంది, అందుకే వారం ముందు చూసుకోమంటున్నాను. ఒంటిమిట్టలో శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల రోజులు తప్పించండి. ఆ జనంలో, మైకుల్లో నడక కుదరదు.

రెండోది, పూసిన చెట్టు. ఫిబ్రవరి, మార్చిలో బూరుగ, మోదుగ ఆకు రాల్చి పూలతో నిలబడతాయి. ఒక్క మోదుగ కింద అరగంట నిలబడితే గోరింకలు, పికిలి పిట్టలు, తేనెపిట్టలు, చిలకలు, ఏట్రింతలు వరసగా వచ్చిపోతాయి. ఆకులుండవు కాబట్టి కొత్తవాళ్లకు కూడా పిట్ట తేలిగ్గా దొరుకుతుంది. చలికాలమంతా మన జొన్నచేల మీద తిరిగిన గులాబీ గోరింకలు వెనక్కి పోయేముందు ఈ పూల మీద పడతాయి. నల్ల తల, గులాబీ ఒళ్లు, ఒకటే కిచకిచ. ఏప్రిల్ ముగిసేలోపు వెళ్లిపోతాయి. మీరు ఉగాది అంటున్నారు కాబట్టి ఇంకా దొరకాలి.

ఈ రెండు నెలల్లో చూపించదగ్గది ఇంకొకటుంది, పక్షులు ఈకల రంగు మార్చుకోవడం. గొడ్ల వెంట తిరిగే తెల్లకొంగకు తల, మెడ బంగారు రంగుకు తిరుగుతాయి. గట్టు మీద మట్టిరంగులో మునగదీసుకుని కూర్చునే గుడ్డి కొంగకు వీపు ముదురు ఎరుపుకు వస్తుంది, ఎగిరితే తెల్లరెక్కలు ఒక్కసారిగా విప్పుకుంటాయి. చిన్న తెల్లకొంగకు తల వెనక రెండు పొడుగాటి ఈకలు వేలాడతాయి. రోజూ చూసే కొంగే కాబట్టి, ఈ తేడా చూపిస్తే పిల్లలు మరిచిపోరు. "కొంగలు తప్ప ఏమీ లేవు" అన్న మాట మీ వాళ్ల నోట మళ్లీ రాదు.

చెరువు నుంచి కంపలోకి, ఖాళీ చేలలోకి తిరిగితే చూపించాల్సినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్పారో-లార్క్, పిచ్చుకంత భరత పక్షి. మగదానికి బూడిదరంగు నెత్తి, నల్లటి కడుపు. నేలమీద ఉంటే మట్టిగడ్డకూ దానికీ తేడా తెలియదు. ఈ నెలల్లో అది రెక్కలు కొట్టుకుంటూ నిటారుగా పైకి లేస్తుంది, ఉన్నట్టుండి రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడుతుంది, పడుతూ సన్నగా సాగే ఒక ఈల వేస్తుంది. నేల తగులుతుందనగా మళ్లీ ఒంపు తిరిగి పైకి పోతుంది. ఇలా ఐదారు సార్లు. దీన్ని బైనాక్యులర్‌తో వెంటాడొద్దు, వట్టి కళ్లతోనే చూడాలి. చూపించేటప్పుడు ఈల వినగానే అందరూ ఆగి పైకి చూడమనండి, నేలమీద వెతకమనకండి. కింద దిగిన చోటికి మాత్రం ఎవరినీ పోనివ్వొద్దు, గూడు అక్కడే నేలమీద ఉండొచ్చు.

వసంతంలో నడక పెట్టేవాళ్లు మరవకూడనిది కూడా ఇదే. మన పక్షుల్లో చాలా వాటికి ఇది గుడ్ల కాలం, అందులో కొన్ని నేలమీదే పెడతాయి. తీతువు గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే ఉండే నాలుగు గుడ్లు పెడుతుంది. అది నెత్తిమీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లో, పిల్లలో దగ్గరలోనే ఉన్నాయి. అప్పుడు చేయాల్సింది ఒకటే: వచ్చిన దారినే, అడుగు చూసుకుంటూ, అది అరుపు ఆపేదాకా వెనక్కి రావడం. గూడు వెతికి ఫోటో తీయడం కాదు. తల్లి లేచిపోయిన గుడ్లు మార్చి ఎండలో కొద్దిసేపటికే చెడతాయి, మనుషులు గుమిగూడిన చోటును కాకులు కనిపెట్టి వస్తాయి. ఇంకో మాట, పల్లె దగ్గర బయలుదేరితే వీధికుక్కలు వెంటబడతాయి. ఒక్క బిస్కెట్ వేసినా చివరిదాకా వస్తాయి, గట్లన్నీ వాసన చూస్తూ గుడ్లు తినేస్తాయి. బిస్కెట్లు సంచిలోనే ఉండనివ్వండి.

బైనాక్యులర్ గురించి అడిగారు. 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో చెప్తుంది. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది: 8×42కి 5 మిల్లీమీటర్ల పైన, జేబులో పట్టే 10×25కి రెండున్నర. తెల్లవారుజామున మన కంటిపాప విప్పారి ఉంటుంది కాబట్టి ఆ చిన్నదాంట్లో అంతా చీకటిగా కనబడుతుంది. 10 రెట్లవి చేతి వణుకునూ అంతే పెంచి చూపిస్తాయి, కొత్తవాళ్లకు పిట్ట దొరకదు. పది మందికి మూడు బైనాక్యులర్లున్నా నడిపించొచ్చు. ఇద్దరికి ఒకటైతే హాయి.

ఉన్నవాటిని సరిచేయించకుండా నడక మొదలుపెట్టకండి. కరెంటు స్తంభం మీది నంబరు కనబడేంత వెలుగు రాగానే: రెండు గొట్టాలూ ఒంచి రెండు వృత్తాలు ఒకటయ్యేలా చేయాలి. కుడి గొట్టం ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో నంబరు స్పష్టంగా వచ్చేదాకా నడిమి చక్రం తిప్పాలి. తర్వాత ఎడమది మూసి, నడిమి చక్రాన్ని ముట్టకుండా, కుడి కంటి దగ్గరున్న రింగును మాత్రం తిప్పి అదే నంబరును స్పష్టం చేసుకోవాలి. ఇక ఆ రింగును ముట్టే పనిలేదు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పేయాలి, లేనివాళ్లు పైకి తిప్పుకోవాలి. "నాకు నల్లగా తప్ప ఏమీ కనబడటంలేదు" అనేవాళ్లలో ఎక్కువమందికి వచ్చే తిప్పలు ఈ కప్పులతోనే.

పిట్టను పట్టడం కూడా నేర్పాలి. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని వెతికితే ఆకాశం తప్ప దొరకదు. ముందు వట్టి కళ్లతో పిట్ట మీద చూపు నిలపాలి, చూపు దించకుండా బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి ఎత్తాలి. చోటు చెప్పేటప్పుడు "అదిగో అక్కడ, ఆ కొమ్మ మీద" అంటే ఎవరికీ దొరకదు. పెద్ద గుర్తు నుంచి చిన్న గుర్తుకు రావాలి: "ఎడమ పక్క రెండు తాటిచెట్లు, వాటికి కుడివైపు వేపచెట్టు, వేపచెట్టును గడియారం అనుకోండి, రెండు గంటల దగ్గర ఎండుకొమ్మ చివర." వేలు చాచి ఊపొద్దు, ఆ ఊపుకే పిట్ట లేచిపోతుంది. పేరు చివర్న చెప్పండి. ముందు ముక్కు ఎలా ఉంది, తోక ఎట్లా ఆడిస్తోంది, ఏం తింటోంది అని వాళ్లచేత చెప్పించండి. పేరు ముందే చెప్తే చూడటం ఆపేస్తారు.

ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించే అలవాటు ఈ మధ్య ఎక్కువైంది. ఈ కాలంలో అది అస్సలు వద్దు. తన జాగాలోకి పోటీ మగది వచ్చిందనుకుని ఆ పిట్ట మేత మాని, గూడు వదిలి వచ్చి వెతుకుతుంది. మెర్లిన్ లాంటి యాప్‌లో విన్న కూత ఏ పక్షిదో చూసుకోవచ్చు, అది వినడం మాత్రమే. మన ప్రాంతం ప్యాక్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. కానీ యాప్ చెప్పిన పేరునల్లా నమ్మొద్దు, పిట్ట కంటపడితేనే రాసుకోండి.

దూరం పోవాలనుకుంటే చిలమత్తూరు మండలం వీరాపురం, లేపాక్షికి దగ్గర. జనవరి, ఫిబ్రవరిల్లో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, వానాకాలం మొదలయ్యాక పిల్లలతో వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. వీటిని సైబీరియా కొంగలనడం మన దగ్గర పరిపాటి, పత్రికల్లోనూ అలాగే వస్తుంది. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే, నీళ్లూ మేతా ఉన్న చోటు వెతుక్కుంటూ దేశం లోపలే తిరుగుతాయి. దయచేసి మీ పిల్లలకు సరిగ్గా చెప్పండి. అక్కడ చెట్టు కింద చప్పట్లు కొట్టి ఎగరేయడం, డ్రోన్ తిప్పడం చేయొద్దు. ఎండ ఎక్కాక తల్లి రెక్కలు గొడుగులా పట్టి పిల్లలకు నీడనిస్తుంది, అది లేచిపోతే పిల్లలు మాడతాయి.

నంద్యాల జిల్లా రోళ్లపాడుకు పోతే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూపిస్తామని, కడప జిల్లా సిద్ధవటం పక్క లంకమల్ల అడవిలో కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్) చూపిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి. రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక కోసమే ఏర్పడింది, కానీ ఇప్పుడు అక్కడ అది కనబడుతుందని ఆశ పెట్టడం తప్పు. ఆ గడ్డినేలల్లో కౌజులు, భరత పక్షులు, మార్చి నడిమిదాకా హారియర్ గద్దలు ఉంటాయి, వాటికోసం పోండి. కలివికోడి 1986లో మళ్లీ బయటపడ్డప్పటి నుంచీ ప్రపంచానికి కడప జిల్లా పేరు తెలుసు, కానీ అది రాత్రి తిరిగే పక్షి, పొద్దున నడకకు దొరికేది కాదు. రాత్రిపూట టార్చిలతో దాని కంపల్లో దూరడం చట్టప్రకారమూ నేరమే. రెండు చోట్లా అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

గుట్టల సంగతి జాగ్రత్త. పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు రాళ్లగుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. అవి గుహలకు మళ్లేది సరిగ్గా మన నడక వేళకే. పూర్తిగా తెల్లారకుండా గుట్ట ఎక్కొద్దు, బండసందుల్లో చెయ్యి పెట్టొద్దు. కంపల్లో పింజర పాములుంటాయి కాబట్టి దారి చూపేవాళ్లే ముందు నడవాలి, పిల్లలు దారి దాటి పోకూడదు. చెప్పులు పనికిరావు, తుమ్మముల్లు అడుగునుంచి పైకి వచ్చేస్తుంది. ముల్లు తీసే చిమటా, అయోడిన్, ఓఆర్ఎస్ పొట్లాలు ఒక్కరి సంచిలో ఉంటే చాలు.

లెక్క రాయడం ఒక్కరికే అప్పగించండి. మొదలైన వేళ, ముగిసిన వేళ, నడిచిన దూరం, ఏ పక్షి ఎన్ని. "చాలా" అని కాకుండా అంకె వేయాలి. పెద్ద గుంపైతే పదిని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్నో చూసుకోవాలి. ఇంటికొచ్చి ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కిస్తే ఏడాదికేడాది మీ చెరువు ఎలా మారుతోందో మీకే తెలుస్తుంది. మన జిల్లాల నుంచి ఇలాంటి జాబితాలు ఎన్ని వస్తే అంత మంచిది. గూళ్ల ఫోటోలు, లొకేషన్లు మాత్రం వాట్సాప్‌లో వద్దు.

ముందురోజు సాయంత్రం గ్రూపులో ఈ మెసేజ్ పెట్టండి, ఇంకేం చెప్పనక్కర్లేదు: "రేపు 5:45కి చెరువు మలుపు దగ్గర, 6 గంటలకు కదులుతాం, ఆగేది లేదు. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు, తెల్లచొక్కా వద్దు. బూట్లు, టోపీ, మనిషికి లీటరున్నర నీళ్లు. సెంటు వద్దు, ఫోన్ సైలెంట్‌లో. టీ తాగి రండి. 8:30కి ముగిశాక రోడ్డు మీది హోటల్లో ఉగ్గాణి బజ్జి."